94 చూపించని మీటరు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

శబ్దాన్ని కొలిచే చేతి మీటర్లు కొద్ది వేల రూపాయలకే దొరుకుతున్నందువల్ల కాబోలు, కొన్ని నెలలుగా వాటి మీద చాలా ఉత్తరాలు వస్తున్నాయి. ఒకే రకం సందేహాలను కలిపి, ఈ సంచికలో పూర్తిగా వాటికే చోటిస్తున్నాము.

ప్రశ్న: కాకినాడ దగ్గర ఒక రైస్ మిల్లులో నిర్వహణ పనులు చూస్తాను. పాలిషర్ దగ్గర శబ్దం కొలవడానికి నాలుగేళ్ళ కిందట ఒక చిన్న మీటరు కొన్నాము. ఈ మధ్య తనిఖీకి వచ్చినవారి మీటరు 93 డెసిబెల్స్ చూపిస్తే, అదే సమయంలో మాది 90 చూపించింది. మా మీటరు పక్కన ఒక చిన్న స్క్రూ ఉంది. దాన్ని తిప్పి 93కు తెచ్చుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ముందు ఆ స్క్రూడ్రైవరు పక్కన పెట్టండి. వచ్చినవారి మీటరు సరైనదేనని మీకు ఎవరూ హామీ ఇవ్వలేదు. పైగా నడుస్తున్న పాలిషర్ శబ్దం ఒక్క క్షణం కూడా నిలకడగా ఉండదు కాబట్టి, దాన్ని ఆధారంగా పెట్టుకుని ఏ మీటరునూ సరిచేయకూడదు. రెండు మీటర్ల మధ్య 3 డెసిబెల్స్ తేడా రావడానికి మీటరు చెడిపోవడమే కారణం కానక్కరలేదు. ఒకరిది ఎ వెయిటింగ్‌లో, ఇంకొకరిది సి వెయిటింగ్‌లో ఉండవచ్చు (బరువైన స్వరాలనూ సన్నని స్వరాలనూ ఎంతెంత లెక్కలోకి తీసుకోవాలో మీటరుకు చెప్పే అమరికే వెయిటింగ్). ఒకరు యంత్రానికి మీటరు దూరంలో, ఇంకొకరు మీటరున్నర దూరంలో నిలబడి ఉండవచ్చు. ఒకరి వెనక గోడ ఉండి, ఆ గోడ నుంచి తిరిగి వచ్చిన శబ్దం కూడా మైక్రోఫోన్‌లోకి వెళ్ళి ఉండవచ్చు.

అయితే ఈ 3 డెసిబెల్స్‌ను చిన్న తేడాగా తీసిపారేయడానికి కూడా వీలులేదు. డెసిబెల్ కొలమానంలో 3 పెరిగిందంటే శబ్దశక్తి రెట్టింపయినట్టు. కర్మాగారాల నమూనా నిబంధనల పట్టికలో 90 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు పనిచేయవచ్చని ఉంటే, 92 దగ్గర 6 గంటలు, 95 దగ్గర 4 గంటలు మాత్రమే అని ఉంది. అంటే మీ మీటరు చెప్పింది నిజమైతే కూలీలు షిఫ్టంతా అక్కడ ఉండవచ్చు, వారి మీటరు చెప్పింది నిజమైతే ఉండకూడదు.

దీన్ని తేల్చేది క్యాలిబ్రేటర్ అనే పరికరం. అరచేతిలో పట్టే చిన్న డబ్బా అది. ఒక వైపు గుండ్రని రంధ్రం, లోపల ఒక చిన్న స్పీకరు ఉంటాయి. బటన్ నొక్కితే ఆ రంధ్రం లోపల 1000 హెర్ట్జ్ (సెకనుకు 1000 కంపనాలు) దగ్గర కచ్చితంగా 94 డెసిబెల్స్ శబ్దాన్ని పుట్టిస్తుంది. చాలావాటిలో 114 కూడా ఉంటుంది. 94 అనే అంకె ఎక్కడ నుంచి వచ్చిందని చాలామంది అడుగుతుంటారు. మనిషి చెవి వినగలిగిన అతి సన్నని శబ్దపు ఒత్తిడిని 20 మైక్రోపాస్కల్స్‌గా తీసుకుని, దాన్ని 0 డెసిబెల్ అన్నారు. సరిగ్గా 1 పాస్కల్ ఒత్తిడి దానికి 50,000 రెట్లు. లెక్క కడితే అది 93.98 డెసిబెల్స్ అవుతుంది కాబట్టి 94 అంటున్నాము. 114 అంటే 10 పాస్కల్స్. అంటే ఇవి చూడటానికి వింత అంకెలు గానీ, నిజానికి ఒత్తిడి కొలమానంలో పూర్తి అంకెలే.

పని ఇలా చేయండి. మీటరులోనూ క్యాలిబ్రేటర్‌లోనూ కొత్త బ్యాటరీలు వేసి, మీటరును రెండు మూడు నిమిషాలు ఆన్‌లో ఉంచండి. మైక్రోఫోన్ మీది స్పాంజి బంతిని తీసేయండి. మీటరును ఎ వెయిటింగ్‌లో, 94 మధ్యలో పడే రేంజిలో పెట్టి, మాక్స్ హోల్డ్ (వచ్చినవాటిలో అతి పెద్ద అంకెనే పట్టి ఉంచే ఏర్పాటు) ఆపేయండి. ఈ చివరి మాట ఊరికే చెప్పడం లేదు. ఒకసారి నేనే ఒక షెడ్డులో గంటసేపు తిరిగి అన్ని చోట్లా 97 అని రాసుకున్నాను. తీరా చూస్తే మొదటి నిమిషంలో పడిన ఇనుప పట్టీ మోతను మాక్స్ హోల్డ్ పట్టుకుని కూర్చుంది.

మిల్లు లోపల కాకుండా ఆఫీసు గదిలో, ఫ్యాన్ ఆపి, బల్ల మీద పెట్టుకుని మైక్రోఫోన్‌ను క్యాలిబ్రేటర్ రంధ్రంలోకి నెమ్మదిగా, వంకర లేకుండా చివరిదాకా దూర్చండి. రంధ్రంలో ఉండే రబ్బరు రింగు మైక్రోఫోన్ చుట్టూ బిగుతుగా కూర్చోవాలి. గబుక్కున నెట్టినా, గబుక్కున లాగినా లోపలి గాలి ఒత్తిడికి మైక్రోఫోన్ పల్చటి పొర దెబ్బతింటుంది. రంధ్రం సాధారణంగా అరంగుళం మైక్రోఫోన్‌కు సరిపోతుంది. మీది పావంగుళానిదైతే దానికి తగిన అడాప్టరు వాడాలి. గుడ్డ చుట్టి బిగించడం, టేపు అంటించడం పనికిరావు, ఎందుకంటే లోపల మిగిలే గాలి పరిమాణం మారితే ఒత్తిడి కూడా మారుతుంది.

అంకె పది సెకన్లు నిలకడగా ఉన్నాక చదవండి. తిప్పడానికి ముందే ఆ అంకెను పుస్తకంలో రాసుకోండి. చాలామంది వదిలేసేది ఇక్కడే. 93.6 వచ్చిందనుకోండి, స్క్రూను వెంట్రుకవాసి తిప్పి 94.0కు తెచ్చి, పరికరాన్ని తీసి, మళ్ళీ దూర్చి, మళ్ళీ చదవండి. ఇలా మూడుసార్లు చేసినప్పుడు 94.0, 93.7, 94.2 అని ఊగుతూ ఉంటే లోపం మీటరులో కాక రబ్బరు రింగు బిగింపులో ఉందని అర్థం. తరవాత 114 బటన్ నొక్కి చూడండి. 94 సరిగ్గా వచ్చి 114 దగ్గర 112 చూపిస్తే ఆ మీటరు పెద్ద శబ్దాల దగ్గర నమ్మదగినది కాదు, ఏ స్క్రూ తిప్పినా ఆ జబ్బు పోదు. ఇంకొక పరీక్ష ఖర్చు లేనిది. క్యాలిబ్రేటర్ మోగుతుండగానే ఎ నుంచి సి కి మార్చండి. 1000 హెర్ట్జ్ దగ్గర రెండు వెయిటింగ్‌లూ ఒకటే కాబట్టి అంకె కదలకూడదు. 250 హెర్ట్జ్ దగ్గర 124 డెసిబెల్స్ ఇచ్చే పిస్టన్‌ఫోన్ అనే పాత రకం పరికరం మీ చేతికి వస్తే మాత్రం ఈ పరీక్ష చేయకండి. అక్కడ ఎ వెయిటింగ్ 8.6 డెసిబెల్స్ తక్కువగా, అంటే 115.4గా చూపించడమే సరైనది.

మీటరుతో వచ్చిన పుస్తకం ఉంటే ఒకసారి తిరగేయండి. కొన్ని మైక్రోఫోన్‌లకు 94.0 బదులు 93.8 లేదా 93.9 దగ్గర నిలపమని తయారీదారులే చెబుతారు. అలాంటి మాట లేకపోతే 94.0 దగ్గరే నిలపండి.

మొదటిసారి చదివినప్పుడే 91 గానీ 97 గానీ వస్తే దాన్ని స్క్రూతో కప్పిపుచ్చకండి. పొరకు చిల్లు పడటమో, తేమ చేరడమో జరిగి ఉంటుంది. పైగా క్యాలిబ్రేటర్ ఒక్క ఫ్రీక్వెన్సీనే పరీక్షిస్తుంది. 1000 హెర్ట్జ్ దగ్గర మీరు 94కు తెచ్చినా, 63 హెర్ట్జ్ దగ్గరా 8000 హెర్ట్జ్ దగ్గరా మీటరు ఏం చేస్తోందో మీకు తెలియదు. దాన్ని చూడవలసింది ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాల. మీటరునూ క్యాలిబ్రేటర్‌నూ రెండింటినీ ఏడాదికొకసారి అక్కడికి పంపి సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ సర్టిఫికెట్‌లో వచ్చిన తేడా ఎంతో, ఆ కొలతలో అనిశ్చితి ఎంతో రెండూ అంకెల్లో ఉండాలి. ‘తృప్తికరం’ అన్న ముద్ర ఒక్కటే ఉన్న కాగితంతో ఏమీ తేలదు.

ఇక రోజువారీ పనికి నియమం ఒకటే. కొలతకు ముందు ఒకసారి, కొలత పూర్తయ్యాక ఒకసారి క్యాలిబ్రేటర్ పెట్టి చూసి, రెండింటి మధ్య తేడా 0.5 డెసిబెల్ దాటితే ఆ రోజు కొలతలన్నీ కొట్టేయండి. ఈసారి తనిఖీవారు వచ్చినప్పుడు మీటర్లను పక్కపక్కన పెట్టి పోల్చడానికి బదులు, వారి క్యాలిబ్రేటర్‌ను అడిగి మీ మీటరుకు పెట్టి చూడండి. నిజమైన తేడా ఎంతో రెండు నిమిషాల్లో బయటపడుతుంది.

ప్రశ్న: మీటరు కన్నా క్యాలిబ్రేటర్ ధర ఎక్కువగా ఉంది. అది లేకుండా పని జరగదా? (గుంటూరు)

జవాబు: తక్కెడ కొని రాళ్ళు కొనకపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. మీ ఇంట్లో ఏ గది ప్రశాంతంగా ఉందో, కొత్త ఫ్యాన్ పాతదానికన్నా ఎంత మోత తగ్గించిందో చూసుకోవడానికి మీటరు ఒక్కటీ చాలు. అక్కడ కావలసింది రెండు కొలతల మధ్య తేడాయే గానీ అసలు అంకె కాదు. ఆ అంకెను పట్టుకుని ఎవరి మీదనైనా ఫిర్యాదు చేయదలచుకుంటే మాత్రం క్యాలిబ్రేటర్ లేనిదే అడుగు వేయకండి. నాలుగైదు అపార్ట్‌మెంట్ సంఘాలు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. కొనేటప్పుడు పెట్టె మీద ఐఇసి 60942 అనే అంతర్జాతీయ ప్రమాణం సంఖ్యా, కచ్చితత్వపు తరగతిని చెప్పే క్లాస్ 1 లేదా క్లాస్ 2 అన్న మాటా ఉన్నాయేమో చూడండి. మీటరుకైతే చూడవలసిన సంఖ్య ఐఇసి 61672.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా ఇంటి గోడకు అవతల ఫంక్షన్ హాలు ఉంది. డీజే మొదలైతే కిటికీ అద్దాలు గలగలలాడుతాయి, మంచం అదురుతుంది. మీటరు పెడితే 62 మాత్రమే చూపిస్తోంది. మేము మామూలుగా మాట్లాడుకున్నా అంతే చూపిస్తోంది. మీటరు చెడిపోయిందా?

జవాబు: చెడిపోలేదు. దానికి మీరు ఏ వెయిటింగ్ పెట్టారో అదే చూపించింది. శబ్దం తక్కువ స్థాయిలో ఉన్నప్పుడు మన చెవికి బరువైన స్వరాలు తక్కువగా వినిపిస్తాయి కాబట్టి, ఎ వెయిటింగ్ వాటిని బాగా తగ్గించి లెక్కిస్తుంది. ఆ తగ్గింపు 125 హెర్ట్జ్ దగ్గర 16 డెసిబెల్స్, 63 హెర్ట్జ్ దగ్గర 26, 50 హెర్ట్జ్ దగ్గర 30. డీజే పెట్టెల్లో నేల అదిరించే దెబ్బంతా ఈ ఫ్రీక్వెన్సీల చుట్టూనే ఉంటుంది. పైగా గోడలూ మూసిన తలుపులూ పాటలోని సన్నని స్వరాలను ఆపి, ఈ బరువైన దెబ్బను మాత్రం లోపలికి వదులుతాయి. మీ గదిలో 63 హెర్ట్జ్ దగ్గర 88 డెసిబెల్స్ ఉన్నా ఎ వెయిటింగ్‌లో అది 62 అవుతుంది. అదే సమయంలో బటన్ నొక్కి సి కి మార్చి చూడండి, 87 చుట్టూ కనిపిస్తుంది. సి కీ ఎ కీ మధ్య 15, 20 డెసిబెల్స్ తేడా ఉందంటే మిమ్మల్ని బాధపెడుతున్నది బేస్ అని రుజువైనట్టే. కాబట్టి ప్రతిసారీ రెండు అంకెలూ రాసుకోండి.

చట్టం మాత్రం ఎ వెయిటింగ్‌లోనే మాట్లాడుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. పగలు అంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. ప్రైవేటు స్థలంలో వాడే సౌండ్ సిస్టం వల్ల ఆ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం ఈ పరిమితిని 5 డెసిబెల్స్ కన్నా ఎక్కువ దాటకూడదు. ఈ అంకెలు ఒక్క క్షణానివి కావు, కొంతసేపటి సగటువి. మామూలు కూడికతో తీసే సగటు కాదిది. శక్తిని కూడి తీసేది, మీటర్ల మీద ‘ఎల్‌ఈక్యూ’ అని ఉంటుంది. ఒక గంటలో 50 నిమిషాలు 50 డెసిబెల్స్ ఉండి, 10 నిమిషాలు బరాత్ దాటిపోతూ 70 ఉంటే మామూలు సగటు 53 అవుతుంది. ఎల్‌ఈక్యూ 62.4. పది నిమిషాల మోత గంటంతటినీ మింగేసింది. మీ మీటరులో ఎల్‌ఈక్యూ లేకపోతే, స్లో లో పెట్టి 5 సెకన్లకొకసారి అంకె రాసుకుని, ఆ తరవాత శక్తిగా మార్చి సగటు తీయాలి. స్లో అంటే ఒక సెకను, ఫాస్ట్ అంటే ఎనిమిదో వంతు సెకను. డీజే దెబ్బల మధ్య ఫాస్ట్‌లో అంకెలు చదవడం మనిషి వల్ల కాదు.

ఎక్కడ నిలబడి కొలిచారన్నది మీటరు ఎంత మంచిదన్నంత ముఖ్యం. గది మూలల్లో బేస్ పోగుపడుతుంది. అక్కడి అంకె గది మధ్యలోని అంకె కన్నా చాలా ఎక్కువ రావచ్చు. ఆరుబయటైతే నేలకు 1.2 నుంచి 1.5 మీటర్ల ఎత్తున, వీలైతే గోడలకు మూడున్నర మీటర్ల దూరంలో, స్పాంజి బంతి తొడిగి, ట్రైపాడ్ మీద పెట్టండి. గోడకు ఒకటి రెండు మీటర్ల దూరంలో కొలిస్తే ప్రతిధ్వని వల్ల సుమారు 3 డెసిబెల్స్ ఎక్కువ వస్తుంది కాబట్టి ఆ మాట కూడా రాయాలి. ట్రైపాడ్ లేకపోతే చేయి పూర్తిగా చాచి పట్టుకోండి. ఛాతీకి ఆనించుకుంటే మీ ఒంటి మీద పడి తిరిగి వచ్చే శబ్దాన్నీ మీటరు కొలుస్తుంది. హాలులో పాట లేని సమయంలో అదే చోట అదే విధంగా ఇంకొక కొలత తీసుకోండి. అది లేకపోతే, ఆ 62లో రోడ్డు వాటా ఎంత అని ఎదుటివారు అడిగినప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. రాత్రి 10 దాటాక ఆరుబయట లాన్‌లో లౌడ్‌స్పీకర్ వాడటమే నిషిద్ధం. రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా పండగలకూ సాంస్కృతిక వేడుకలకూ అర్ధరాత్రి దాకా ఇచ్చే సడలింపు దీనికి మినహాయింపు. మిగిలిన రోజుల్లో లాన్‌లో మోగితే డెసిబెల్స్ లెక్క అక్కరలేదు, సమయం కనిపించేలా తీసిన వీడియో మీటరు కన్నా బలమైన సాక్ష్యం. మూసిన హాలు లోపల అక్కడివారికి మాత్రమే వినిపించేలా వాడుకోవడానికి నిబంధనల్లో వెసులుబాటు ఉంది కాబట్టి, మీ మీటరుకు పని అక్కడే. నా అభిప్రాయం అడిగితే, ఎ వెయిటింగ్ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చున్న నిబంధన డీజేల కాలానికి సరిపోదు. కానీ ఫిర్యాదు రాసేటప్పుడు ఉన్న నిబంధననే వాడాలి. సి అంకెను పక్కన అదనంగా చేర్చండి.

ప్రశ్న: విజయవాడలో మా అపార్ట్‌మెంట్ జనరేటర్ దగ్గర మీటరు 72 చూపిస్తోంది. జనరేటర్ ఆపితే రోడ్డు శబ్దమే 66 ఉంది. జనరేటర్ శబ్దం 6 అని రాయవచ్చా?

జవాబు: డెసిబెల్స్‌ను బియ్యం సంచుల్లా కూడటం, తీసేయడం కుదరదు. 60 డెసిబెల్స్ యంత్రం పక్కన ఇంకొక 60 డెసిబెల్స్ యంత్రం పెడితే 63 వస్తుంది గానీ 120 రాదు. మీ లెక్కలో తేడా 6 కాబట్టి, మొత్తంలో నుంచి సుమారు 1.3 తగ్గించాలి. జనరేటర్ వంతు 70.7 అవుతుంది. తేడా 10 అంతకన్నా ఎక్కువ ఉంటే రోడ్డును పట్టించుకోనక్కరలేదు. తేడా 3 అయితే 3 తగ్గించాలి. 3 కన్నా తక్కువైతే ఆ కొలతను వదిలేసి, రోడ్డు సద్దుమణిగాక తెల్లవారుజామున మళ్ళీ తీసుకోవాలి. 2005 జనవరి 1న గానీ ఆ తరవాత గానీ తయారై, 1000 కేవీఏ దాకా సామర్థ్యం ఉన్న డీజిల్ జనరేటర్లకు వాటి పెట్టె బయటి తలానికి 1 మీటరు దూరంలో 75 డెసిబెల్స్ పరిమితి. నాలుగు వైపులా కొలవండి, పొగగొట్టం ఉన్న వైపును మర్చిపోవద్దు.

ప్రశ్న: మొబైల్ యాప్‌తో కొలిస్తే సరిపోదా? (కరీంనగర్)

జవాబు: పిల్లలకు పాఠం చెప్పడానికి బాగుంటుంది. ఫోన్ మైక్రోఫోన్ మాట వినడానికి చేసింది. శబ్దం పెరిగేకొద్దీ దాన్ని తానే తగ్గించుకునే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంటుంది కాబట్టి పెద్ద మోతల దగ్గర అంకె పెరగడం మానేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఫోన్ అంచున ఉన్న సూది రంధ్రాన్ని క్యాలిబ్రేటర్‌లో దూర్చలేరు.

ప్రశ్న: విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున కొలతలకు వెళ్ళాము. ఏసీ కారులో నుంచి దిగి మీటరు ఆన్ చేస్తే, చుట్టూ నిశ్శబ్దంగా ఉన్నా 50, 58, 49 అని అంకెలు ఎగురుతున్నాయి. ఎందుకు?

జవాబు: కళ్ళజోడు మసకబారినట్టే మైక్రోఫోన్ పొర మీద తేమ పట్టింది. ఆ పొరకూ దాని వెనకనున్న పలకకూ మధ్య ఖాళీ వెంట్రుక కన్నా సన్నం. అక్కడ తేమ చేరితే విద్యుత్తు కొద్దికొద్దిగా కారి, చిటపట శబ్దంలా అంకెల్లోకి ఎక్కుతుంది. తుడవవద్దు, హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు. మీటరును మూసిన డబ్బాలోనే ఉంచి, బయటి వేడికి అలవాటు పడేదాకా అరగంట ఆగి, అప్పుడు తెరిచి, క్యాలిబ్రేటర్ పెట్టి చూడండి. 94 దగ్గర నిలకడగా నిలిస్తే కొలత మొదలుపెట్టవచ్చు. ఇంకా ఊగుతూ ఉంటే ఆ రోజుకు పని ఆపి, సిలికా జెల్ సంచులతో కలిపి గాలి చొరబడని స్టీలు డబ్బాలో ఒక రాత్రి ఉంచండి. వచ్చేసారి బయలుదేరేటప్పుడు మీటరు పెట్టెను ఏసీ తగలని డిక్కీలో పెట్టుకోండి.